బావికి గోడ ఎందుకు, మూత ఎందుకు?

చిక్కడపల్లి,
హైదరాబాద్.

మా చిట్టితల్లికి, వాళ్ల అన్నయ్యకు తాతయ్య ఆశీస్సులు.

ఆదివారం గృహప్రవేశం నుంచి మెట్రోలో తిరిగి వస్తున్నప్పుడు నువ్వు ఒక ప్రశ్న అడిగావు. "తాతయ్యా, నేను చెప్పింది తప్పా, చెప్పిన గొంతు తప్పా?" ఏం చెప్పాలో తోచక నేను కిటికీలోంచి బయటికి చూస్తూ ఊరుకున్నాను. ఆ తరువాత రెండు రాత్రులు సరిగా నిద్ర పట్టలేదు.

జరిగిందంతా నా కళ్ల ముందే జరిగింది. భోజనాల దగ్గర ఒక పెద్దాయన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ రెండూ మూసీ మీదే కట్టారన్నారు. నువ్వు ఎదుటి బంతిలోంచి "కాదండీ, హిమాయత్‌సాగర్ ఈసీ నది మీద ఉంది" అన్నావు. 1908లో మూసీ వరద ఈ ఊరిని ముంచేశాక, మళ్లీ అలాంటిది రాకూడదని ఆ రెండు జలాశయాలూ కట్టారని కూడా చెప్పావు. ప్రతి మాటా నిజం. ఆయన కాదనలేదు. "ఆడపిల్లకు అంత గొంతు పనికిరాదమ్మా" అన్నారు, అంతే. అందరూ నవ్వారు. పెరుగు వడ్డించేదాకా నువ్వు తల ఎత్తలేదు, పప్పన్నంలో వేలితో గీతలు గీస్తూ కూర్చున్నావు. అదే సమయంలో మీ అన్నయ్య ఎవరు ఎక్కువ లడ్డూలు తింటారో పందెం వేసి ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తున్నాడు. వాణ్ణి ఎవరూ ఏమీ అనలేదు.

నువ్వు చెప్పింది తప్పు కాదు, నీ గొంతూ తప్పు కాదు. ఈ మాట నేను అక్కడే, అందరి ముందూ అనవలసింది. అనలేదు. అందుకే ఈ ఉత్తరం.

మీ ఇంట్లో కుళాయి తిప్పితే నీళ్లు వస్తాయి కాబట్టి బావి సంగతి మీకు తెలియదు. మా ఊరు సిద్దిపేట దగ్గర. అక్కడ మా ఇంటి పెరట్లో చేదబావి ఒకటి ఉండేది. పొద్దున్నే గిలక కిర్రుమంటూ ఉంటే మాకు మెలకువ వచ్చేది. ఆ బావి దగ్గర నేను నేర్చుకున్నది ఒకటుంది. తోడే బావి ఊరుతూనే ఉంటుంది. ఇరవై బిందెలు తోడినా తెల్లారేసరికి నీళ్లు మళ్లీ పైకొచ్చేవి. పక్కింటివాళ్లు ఊరు విడిచి వెళ్లిపోయాక వాళ్ల బావిని తోడేవాళ్లు లేరు. మొదట ఆకులు పడ్డాయి, నాచు పట్టింది, తరువాత మట్టి దిగింది. దాన్ని పూడిక అంటారు. కొన్నేళ్లకు చేద వేస్తే బురద వచ్చేది. ఊట లేక కాదు, ఉన్న ఊట కళ్లు మూసుకుపోయాయి.

గొంతు కూడా అలాంటిదే. "ష్, మెల్లగా", "అంత నవ్వేమిటి", "పెద్దవాళ్ల మధ్య నీకెందుకు", "ఎండలో ఆడకు, నల్లబడతావు". ఒక్కో మాటా ఒక పిడికెడు మట్టి. ఒక పిడికెడుతో ఏ బావీ పూడదు. రోజూ వేస్తూ పోతే పూడుతుంది.

మరి బావికి గోడ కట్టరా అని అడుగుతావు, నీ సంగతి నాకు తెలుసు. కడతారు. పిల్లలు పడిపోకుండా నడుమెత్తు గోడ కడతారు. గోడ ఉన్న బావిలోంచి నీళ్లు తోడుకోవచ్చు, మూత వేసిన బావిలోంచి తోడలేము. పెద్దవాళ్లు చెప్పే మాటల్లో కొన్ని గోడలు, కొన్ని మూతలు. తేడా కనిపెట్టడానికి నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే. అదే మాట మీ అన్నయ్యకూ చెబుతున్నారా? "చీకటి పడ్డాక ఒంటరిగా రోడ్డు మీదికి వెళ్లకండి" అని ఇద్దరికీ చెబితే అది గోడ. నీ ఒక్కదానికే చెబితే అందులో సగం మూత ఉంది. మీ అమ్మకు నీ మీద భయం ఉంది, అది అబద్ధం కాదు. ఆ భయానికి మందు వీధిలో దీపం వెలగడం, మగపిల్లలకు బుద్ధి చెప్పడం. నిన్ను ఆరింటికే ఇంట్లో కూర్చోబెట్టడం కాదు. మీ అమ్మా నాన్నా ఈ ఉత్తరం చదువుతారని తెలిసే రాస్తున్నాను.

ఇంకో సంగతి. నువ్వు ఆయనతో "కాదండీ" అన్నావు. ఆ "అండీ" చాలు. మర్యాద మాటలో ఉండాలి, గొంతు తగ్గించడంలో కాదు.

ఇక ఈదే బావి గురించి. ఊరి బయట మా పొలంలో పెద్ద మోటబావి ఉండేది. నాకు ఎనిమిదేళ్లప్పుడు అక్కడ ఈత నేర్పింది మా అక్క, మీరు సిద్దిపేట నాయనమ్మ అని పిలిచే ఆవిడ. అప్పుడు ఆవిడకు పదకొండేళ్లు. ఎండిన సొరకాయ బుర్రలు నా నడుముకు కట్టి, పొట్ట కింద చేయి పెట్టి "కాళ్లు కొట్టు, కాళ్లు కొట్టు" అని అరిచేది. ఆ అరుపు బావి గోడలకు తగిలి రెండింతలై తిరిగి వచ్చేది. మోట దిమ్మె మీది నుంచి దూకితే మగపిల్లలు కూడా నోరు తెరుచుకుని చూసేవారు. గాలిలో మోకాళ్లు ఛాతీకి ముడిచి, నీటిని తాకే ముందు ఒక్కసారిగా కాళ్లు చాపేది.

మరుసటి వేసవికి మా అమ్మ "నువ్వు ఇక దిగకు" అంది. కారణం చెప్పలేదు. అక్క గట్టు మీద నా చొక్కా ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. నేను ఈదేవాణ్ణి. అక్క ఎందుకు దిగడం లేదని నేను ఒక్కసారి కూడా ఎవరినీ అడగలేదు. ఒరే పెద్దోడా, ఇది నీ కోసం రాస్తున్నాను. నీ చెల్లిని ఊరుకోమన్నప్పుడు లడ్డూ పక్కన పెట్టి, "ఎందుకు ఊరుకోవాలి?" అని నువ్వు అడగాలి. నేను అడగలేదు. అరవై ఏళ్లు దాటినా అది నన్ను వదలలేదు.

1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగాయి. అక్కడి ఖాదీ ప్రదర్శన వాకిట్లో నిలబడిన ఒక పద్నాలుగేళ్ల అమ్మాయి, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూనే లోపలికి వెళ్లనివ్వలేదు. నిర్వాహకులు టిక్కెట్టు కొనిచ్చాకే దారి వదిలింది. ఆ అమ్మాయి దుర్గాబాయి. తరువాత మన రాజ్యాంగం రాసిన సభలో కూర్చుని మాట్లాడింది. విద్యానగర్ మీదుగా వెళ్లేటప్పుడు ఆమె పేరు పెట్టిన ఆసుపత్రి బోర్డు నువ్వు చాలాసార్లు చూసే ఉంటావు. ఆ రోజు ఆ వాకిట్లో ఎవరైనా "ఆడపిల్లకు అంత గొంతు పనికిరాదు" అని అన్నారో లేదో గానీ, అని ఉన్నా ఆమె పక్కకు జరిగేది కాదు.

నీకు చూపించవలసింది ఒకటి ఉంది. సికింద్రాబాద్‌లో బన్సీలాల్‌పేట మెట్లబావి అని ఉంది. దశాబ్దాల తరబడి దాన్నిండా చెత్త పోశారు. అక్కడ బావి ఉందన్న సంగతే చాలామంది మరిచిపోయారు. ఆ చెత్తంతా తవ్వి పోసి, బాగుచేసి 2022 డిసెంబరులో తెరిచారు. తవ్వుతూ పోతే అడుగున నీళ్లు ఊరాయి. ఇన్నేళ్లు అంత బరువు కింద ఆ ఊట ఎలా ఓపిక పట్టిందో నాకు అర్థం కాదు. నేను మెట్ల మీద కూర్చుని ఒక గంట చూశాను, అప్పుడూ అర్థం కాలేదు.

సిద్దిపేట నాయనమ్మ మోకాళ్లు చూపించుకోవడానికి వచ్చే వారం మా ఇంటికి వస్తోంది. ఆదివారం ఆవిడను అక్కడికి తీసుకువెళదాం. మెట్లు దిగేటప్పుడు నువ్వు చేయి పట్టుకో, కర్ర అన్నయ్య పట్టుకుంటాడు. నీళ్ల దగ్గర కూర్చున్నాక, మోట దిమ్మె మీది నుంచి ఎలా దూకేదో ఆవిడను అడుగు. గట్టిగా అడగాలి, ఆవిడకు కుడి చెవి సరిగా వినపడదు.

మీ తాతయ్య