మంత్రిని వదిలి గెలిచిన ఆట: అపోహలు - వాస్తవాలు

పిల్లలకు చదరంగం నేర్పుతున్న ఇన్నేళ్లలో, ఓడిన పిల్లవాడి తల్లిదండ్రుల నోట నేను ఎక్కువగా విన్న మాట "ఆ పాపకు అదృష్టం కలిసొచ్చింది సార్" అన్నదే. కర్నూలులో స్విస్ పద్ధతిలో (ఓడినవారు తప్పుకోకుండా, ప్రతి రౌండులో దాదాపు సమాన పాయింట్లున్నవారితో ఆడే పద్ధతి) జరిగిన ఒక టోర్నీలో, రేటింగ్ (ఆటగాడి బలాన్ని చూపే అంకె) ఉన్న నంద్యాల అబ్బాయిని ఇంకా రేటింగే లేని ఆదోని అమ్మాయి ఏడో ఎత్తుకే ఆట కట్టించినప్పుడు కూడా అదే మాట విన్నాను.

అపోహ: మంత్రిని పోగొట్టుకొని గెలవడం జూదం.

వాస్తవం: ఆ ఆటను ఎత్తు ఎత్తుగా చూడండి. నల్లపావుల అబ్బాయి శకటును జీ4కు (బోర్డు మీద గడులకు ఇలా అక్షరం, అంకెతో పేర్లుంటాయి) తెచ్చి తెల్ల గుర్రాన్ని మంత్రికి అడ్డంగా కట్టిపడేశాడు, అంటే గుర్రం కదిలితే మంత్రి పోతుంది. ఆ తర్వాత గుర్రం జీ5కు దూకుతుందేమోనన్న భయంతో నాలుగో ఎత్తును హెచ్6 బంటుకు ఖర్చు చేశాడు. అమ్మాయి మంత్రిని గాలికి వదిలి, అదే గుర్రంతో ఈ5 బంటును కొట్టింది. అబ్బాయి మంత్రిని తీసుకున్నాడు. అమ్మాయి శకటు ఎఫ్7లో షా (రాజుకు చెక్) చెప్పింది, రాజు ఈ7కు వచ్చాడు, రెండో గుర్రం డీ5కు దూకింది, ఆట ముగిసింది. అతడు మంత్రిని ముట్టకుండా గుర్రాన్ని కొట్టి ఉంటే, జీ4లో కాపలా లేని శకటును తెల్ల మంత్రి తీసుకునేది; అప్పుడూ తెల్లవైపు ఒక బంటు లాభమే. ఏ దారిలోనూ నష్టం లేని ఎత్తును జూదమని ఎలా అంటాం?

ఇది 18వ శతాబ్దపు పారిస్ ఆటగాడు లెగాల్ పేరుతో నిలిచిన పాత ఎత్తుగడ. అయితే నల్ల గుర్రం సీ6లో ఉంటే ఇదే ఎత్తు శుద్ధ తప్పు, ఎందుకంటే ఆ గుర్రం ఈ5లో కొట్టి, అక్కడి నుంచే జీ4 శకటుకు కూడా కాపలా కాస్తుంది. ఈ తేడా చెప్పకుండా "ట్రిక్కు" మాత్రమే నేర్పే పెద్దల వల్ల ఎందరో పిల్లలు ఊరికే గుర్రాన్ని పోగొట్టుకున్నారు.

1956లో న్యూయార్క్‌లో 13 ఏళ్ల బాబీ ఫిషర్ డొనాల్డ్ బర్న్‌పై 17వ ఎత్తులో మంత్రిని వదిలినప్పుడు కూడా అది జూదం కాదు: క్యాస్లింగ్ (రాజును ఏనుగు చాటున భద్రపరిచే ఎత్తు) చేయని బర్న్ తెల్లరాజు ఎఫ్1లో చిక్కుకొని ఉన్నాడు. మంత్రికి బదులుగా ఫిషర్‌కు ఏనుగు, రెండు శకటులు, ఒక బంటు దక్కాయి. 41వ ఎత్తుకు ఆట కట్టింది.

అదృష్టమని సరిపెట్టుకున్న ఇంట్లో స్కోర్ షీట్‌ను (ఆట ఎత్తులు రాసుకునే కాగితం) ఎవరూ మళ్లీ తెరవరు, హెచ్6 ఎందుకు తప్పో ఆ పిల్లవాడికి తెలియదు, తర్వాతి టోర్నీలో అదే భయంతో అదే బంటును జరుపుతాడు. పిల్లల విషయంలో నేను చూసిన అతిపెద్ద నష్టం ఇదే.

ఎవరో ఫోన్‌లో చూసి చెప్పి ఉంటారన్న పుకారు కూడా ఆరోజు వరండాలో తిరిగింది. ఏడెత్తుల పాత ఎత్తుగడకు ఫోన్ అక్కరలేదు, దయచేసి ఒక చిన్నపిల్లపై అలాంటి మాట వేయకండి.

రేటింగ్ పడిపోతుందని అబ్బాయి తండ్రి దిగులుపడ్డారు. స్విస్ టోర్నీలో రేటింగ్ లేని వారితో ఆడిన ఆటను రేటింగ్ ఉన్నవారి లెక్కలోకి తీసుకోరని చెప్పాక ఆయన కాస్త తేరుకున్నారు. అమ్మాయి తండ్రి పరిస్థితి ఇంకా కష్టం: కిటికీలోంచి బోర్డు మీద తెల్ల మంత్రి కనబడక, తలపట్టుకొని వేపచెట్టు కింద కూర్చుండిపోయారు. కూతురు స్కోర్ షీట్ తెచ్చి చేతిలో పెట్టినా నమ్మలేక, "మంత్రి పోయింది కదమ్మా" అని రెండుసార్లు అడిగారు.