లెక్కల్లో అడవి, లారీల్లో పొలం కర్ర

కాగితం మిల్లుల కోసం రైతులు పెంచే సుబాబుల్ కర్ర ధర పడినప్పుడల్లా ఆ మిల్లులనో దళారులనో తప్పుపడతారు. దేశానికి ఎంత కర్ర కావాలి, ఎంత వస్తుంది అనే లెక్కలో ఉన్న లోపం మాత్రం చర్చకు రాదు. ఆ లెక్క వేసే పట్టికలోనే ఉన్న ఆ లోపం ఇప్పటిది కాదు.

ఆర్థికవేత్త వాసిలీ లియోంటీఫ్ 1936లో అమెరికా ఆర్థిక వ్యవస్థకు ఇన్‌పుట్-అవుట్‌పుట్ పట్టిక ప్రచురించాడు. మన కేంద్ర గణాంక సంస్థ తొలి పట్టిక 1968-69కి వేసింది. అడ్డవరుసలో ఒక రంగం సరుకు ఎవరికి పోయిందో, నిలువువరుసలో ఆ రంగం ఏమేం కొన్నదో ఉంటాయి. 100 రూపాయల కాగితానికి 20 రూపాయల కర్ర పడుతుందనుకుందాం. గుణకం 0.20. కాగితం గిరాకీ 100 కోట్లు పెరిగితే తొలి విడతలో కర్రకు 20 కోట్లు. ఆ కర్ర పెంచడానికి ఎరువు, కొట్టి తరలించడానికి డీజిల్, వాటి వెనక ఇంకొన్ని. విడతలన్నీ కూడితే మొత్తం ప్రభావం.

చిక్కల్లా అటవీ వరుసలోనే. అప్పట్లో మిల్లులకు వెదురు, కలప ఎక్కువగా ప్రభుత్వ అడవుల నుంచి రాయితీ ధరకు వచ్చేవి. ముడిసరుకును రైతులతో పెంచించుకోవాలని 1988 జాతీయ అటవీ విధానం పరిశ్రమలకు చెప్పింది. 1996 డిసెంబరు 12న అడవుల రక్షణపై నడిచిన గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఉత్తర్వు నరికివేతను ఇంకా బిగించింది. సారపాక, రాజమహేంద్రవరం కాగితం మిల్లులకు జామాయిల్, సుబాబుల్, సరుగుడే ఆధారమయ్యాయి. ప్రభుత్వ అడవుల కలప ఏడాదికి 31.75 లక్షల ఘనపు మీటర్లని, అడవి బయటి చెట్ల నుంచి 4.28 కోట్ల దాకా రాగలదని 2011 అటవీ స్థితి నివేదిక అంచనా. పట్టికలో మాత్రం రెండూ ఒకటే వరుస. పాత పట్టికల్లో వంటచెరకు కూడా అందులోనే ఉండేది. దాని అంచనా చాలావరకు కుటుంబాల వినియోగ సర్వేల మీద ఆధారపడింది. ఆ మొత్తాన్ని మిల్లుకు దొరికే కర్రగా తీసుకుంటే కొరత కనిపించనే కనిపించదు.

కొలతల్లోనూ తేడా ఉంది. అడవి లెక్క ఘనపు మీటర్లలో, మిల్లు కొనేది టన్నుల్లో. పచ్చి కర్రలో సగం దాకా నీరే. గేటు దగ్గర లారీ ఆగేకొద్దీ బరువు తగ్గి ఆ నష్టం రైతు మీద పడుతుంది. తేమ శాతం రాయకుండా టన్నులను ఘనపు మీటర్లలోకి మారిస్తే గుణకమే తప్పుతుంది.

అన్నిటికంటే పెద్ద లోపం, ఏడాది పట్టికలో చెట్టు వయసు లేకపోవడం. ధర బాగున్న ఏడు అందరూ నాటుతారు, నాలుగేళ్లకు అందరి కర్రా ఒకేసారి కోతకొస్తుంది. అందుకే ముందు పొలం కర్రకు వేరే వరుస కావాలి. ఏ ఏడు నాటిన తోట ఎన్ని ఎకరాలుందో జిల్లాలవారీగా పట్టికకు జతచేయాలి. అప్పుడు ధర పడబోతోందని రైతుకు నాటేముందే చెప్పవచ్చు.