అదనూ పదునూ తెలిసిన విత్తనం

మార్చిలో లాస్ ఏంజెలెస్‌లోని కొడుకు దగ్గరికి వెళ్తున్న తిరుపతి పాఠకురాలొకరు అడిగారు: "అక్కడి ఎడారి లోయ డెత్ వ్యాలీలో పూలు చూపిస్తానంటున్నాడు. ఏడాదికి రెండంగుళాల వాన పడే చోట పూలేమిటి? ఎవరు చల్లారు ఆ విత్తనాలు?"

ఎవరూ చల్లలేదు. ఏళ్ల తరబడి ఆ మట్టిలోనే పడున్నాయి. అడగాల్సింది, ఇన్నాళ్లూ మొలవకుండా ఎలా ఆగాయని. నీరు, గాలి, వెచ్చదనం ఉంటే విత్తనం మొలుస్తుందని చెప్పి బడిపుస్తకం చేతులు దులుపుకుంటుంది. మూడూ ఉన్నా మొలవని విత్తనం ఊసెత్తదు.

పండిన టమోటా కోయండి. లోపల తడికి కొదవలేదు, మన చిత్తూరు ఎండకూ కొదవలేదు. అయినా గింజ మామూలుగా మొలవదు. దాన్ని చుట్టుకున్న జిగురులో మొలకను ఆపే పదార్థాలున్నాయి. అబ్సిసిక్ ఆమ్లం అందులో ఒకటి. అందుకే విత్తనం తీసేవాళ్లు గుజ్జును రెండు మూడు రోజులు పులియబెట్టి, జిగురు వదిలేదాకా కడిగి, నీడలో ఆరబెడతారు. ఎక్కువ రోజులు వదిలేస్తే గింజలు ఆ గిన్నెలోనే మొలకెత్తి పాడవుతాయి.

చాలా ఎడారి మొక్కల గింజలకూ ఇలాంటి తాళమే ఉంది. దాన్ని కడిగేది వాన. వృక్షశాస్త్రవేత్త ఫ్రిట్స్ వెంట్ 1940లలో కాలిఫోర్నియా ఎడారి మట్టి మీద వాన కురిపించినట్టు నీళ్లు చల్లి చూశాడు. అరంగుళం లోపు తడికి దాదాపు ఏమీ రాలేదు. అంగుళం, రెండంగుళాలు పడితే మొలకలు లేచాయి. అదే మట్టిని కింది నుంచి తడిపితే, ముద్దయినా సరే, రాలేదు. తడి ఒక్కటే చాలదన్నమాట. నీరు పైనుంచి కిందికి దిగుతూ ఆ పదార్థాలను లాక్కుపోవాలి. అంటే పడ్డ వానెంతో గింజ కొలుస్తోంది.

మన మెట్టరైతు చెనక్కాయ విత్తే ముందు చూసే పదును ఇదే. దుమ్ము అణిగే జల్లుకు విత్తితే గింజ ఉబ్బి, వేరు దిగకముందే ఎండి చస్తుంది. కప్పల పెళ్లి చేసిన మర్నాడు పడ్డ తుంపరకు మనం సంబరపడతాం గానీ ఎడారి గింజ సంబరపడదు. అది అదనూ చూస్తుంది: చల్లటి రోజుల వానకు ఒక జాతి, వేడి రోజుల వానకు మరో జాతి మొలుస్తాయి. పైగా ఉన్న గింజలన్నీ ఒకేసారి లేవవు. వాన మోసం చేస్తే వచ్చే ఏటికి విత్తనం మిగలాలిగా!

2015 అక్టోబరులో డెత్ వ్యాలీ ఉత్తర భాగంలో అయిదు గంటల్లోనే దాదాపు మూడంగుళాలు కురిసి వరద వచ్చింది. 2016 వసంతంలో లోయ పసుపు పరిచినట్టయింది. ఆ పసుపులో ఎక్కువ భాగం పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందిన డెసర్ట్ గోల్డ్‌దే. అయితే మొదటి వాన ఒక్కటీ సరిపోదు. తర్వాత చలికాలమంతా విడతలుగా పడాలి. నడుమ వడగాలి తగిలితే మొగ్గలు మాడిపోతాయి.

పల్లపు చోట్ల ఫిబ్రవరి నడిమి నుంచి ఏప్రిల్ నడిమి దాకా పూలుంటాయి. పొద్దున్నే బయల్దేరండి. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల నీళ్లు తప్పనిసరి. చాలాచోట్ల ఫోను పలకదు కాబట్టి మ్యాపు ముందే దించుకోండి. పూలు కోయడం నిషేధం. బాట వదిలి గుంపులోకి దిగినా నష్టమే, ఎందుకంటే కాలికింద నలిగిన పువ్వు గింజ కట్టదు.

వాన చాలని ఏడు వెళ్తే నేల బోసిగా కనిపిస్తుంది. అప్పుడు బాట పక్కన వంగి చూడండి. అంగుళం ఎత్తు మొక్క, రెండే ఆకులు, నెత్తిన ఒకే పువ్వు. ఉన్న తడికి అంతే పెరిగి, గింజ కట్టే పనిలో ఉంటుంది.