స్పోర్ట్స్ జర్నలిజం చదవాలనుకుంటున్నారా? కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

డిగ్రీ ఫలితాలు వచ్చే రోజుల్లో నా ఫోన్‌కి ఒకే రకం మెసేజ్‌లు వస్తుంటాయి. "అన్నా, నాకు క్రికెట్ అంటే ప్రాణం, స్పోర్ట్స్ జర్నలిస్ట్ కావాలంటే ఏం చదవాలి?" అని. కొన్నిసార్లు పిల్లలు కాదు, వాళ్ళ నాన్నలే ఫోన్ చేస్తారు. "మావాడు ఇందులోకే వెళ్తానంటున్నాడు, తిండి పెడుతుందా సార్?" అని అడుగుతారు. ఒక తెలుగు దినపత్రిక స్పోర్ట్స్ డెస్క్‌లో పదహారేళ్ళుగా పనిచేస్తున్నాను, అప్పుడప్పుడు యూనివర్సిటీలో జర్నలిజం పిల్లలకి క్లాసులు కూడా చెబుతుంటాను. విడివిడిగా ఒక్కొక్కరికి చెప్పేదంతా ఇక్కడ ఒకచోట రాస్తున్నా.

అపోహ: క్రికెట్ పిచ్చి ఉంటే చాలు, మిగతాది అదే వస్తుంది.

వాస్తవం: పిచ్చి ఉండాల్సిందే. కానీ 2001లో ఈడెన్ గార్డెన్స్‌లో లక్ష్మణ్ కొట్టిన 281 గురించి బంతి బంతికీ చెప్పగలిగిన కుర్రాడే, జిల్లా స్థాయి ఖోఖో అమ్మాయిని ఇంటర్వ్యూ చెయ్యమంటే "గెలిచాక ఎలా అనిపించింది?" దగ్గర ఆగిపోతాడు. ఆట తెలియడం వేరు, ఆట గురించి ఇంకొకరికి తెలియజెప్పడం వేరు. 2024 సెప్టెంబర్ 3న పారిస్ పారాలింపిక్స్‌లో వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి 400 మీటర్ల టీ20 విభాగంలో కాంస్యం గెలిచింది. ఆ వార్తని క్లాసులో ఇచ్చి రాయమంటే చాలామంది టీ20 అన్న మాటని అలాగే రాసి వదిలేశారు. క్రికెట్ తప్ప ఇంకేమీ చూడని పాఠకుడికి అదేమిటో ఎలా అర్థమవుతుంది? టీ అంటే ట్రాక్, 20 అంటే మేధో వైకల్యం ఉన్న అథ్లెట్ల తరగతి. ఆ ఒక్క వాక్యం రాయాలని తోచడమే జర్నలిజం. ఆ అమ్మాయిని జాలితో కాకుండా అథ్లెట్‌గా చూపించడం అంతకంటే కష్టం, 55.82 సెకన్లలో పరుగు ముగించిందన్న సంగతి వార్తలో పైన ఉండాలి, వైకల్యం వివరం దాని తర్వాత రావాలి.

అపోహ: సర్టిఫికెట్ మీద "స్పోర్ట్స్ జర్నలిజం" అని ఉండాలి.

వాస్తవం: బ్రిటన్‌లో మూడేళ్ళ డిగ్రీలు అచ్చంగా ఆ పేరుతోనే ఉన్నాయి. మన దగ్గర దారి వేరు. ఉస్మానియాలో జర్నలిజం విభాగం 1954లోనే మొదలైంది, ఆంధ్రా యూనివర్సిటీలో ఉంది, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో కమ్యూనికేషన్ విభాగం ఉంది. ఎక్కడ చేరినా మామూలు జర్నలిజం చదివి, అందులో ఆటల వైపు మళ్ళడమే. అదే మంచిదని కూడా నా అభిప్రాయం. ప్రాజెక్టులూ డిసర్టేషనూ ఆటల మీద చెయ్యండి, ఇంటర్న్‌షిప్ స్పోర్ట్స్ డెస్క్‌లో అడగండి. ఈనాడు జర్నలిజం స్కూల్ లాంటి పత్రికల సొంత స్కూళ్ళదీ మరో దారి, అక్కడ ముందు చూసేది మీ తెలుగు, మీ అనువాదం.

అపోహ: యూనివర్సిటీ చదువు దండగ, అన్నీ డెస్క్ మీదే నేర్చుకోవచ్చు.

వాస్తవం: ఈ మాట మా సీనియర్లలోనే చాలామంది అంటారు, నేను మాత్రం ఒప్పుకోను. హెడ్డింగ్ పెట్టడం, పేజీ చూసుకోవడం, టైమ్‌కి కాపీ (రాసిన వార్త) ఇవ్వడం డెస్క్ నేర్పుతుంది, నిజమే. చట్టం ఎవరు నేర్పుతారు? 2023లో ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర లైంగిక వేధింపుల ఆరోపణలతో రెజ్లర్లు ధర్నాకి కూర్చున్నప్పుడు అది స్పోర్ట్స్ పేజీ వార్త, పోలీసు కేసు వార్త కూడా. ఒక కేసు పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల) చట్టం కింద నమోదైంది. ఆ చట్టం 23వ సెక్షన్ ప్రకారం ప్రత్యేక కోర్టు అనుమతిస్తే తప్ప బాధితురాలి పేరే కాదు, ఫొటో, ఊరు, బడి, కుటుంబం, గుర్తుపట్టే వీలున్న ఏ వివరమూ వేయకూడదు. ఇక్కడ ఆటల రిపోర్టర్‌కి ఇంకో చిక్కు ఉంది. పేరు రాయకపోయినా "ఫలానా రాష్ట్రం, ఫలానా వెయిట్ కేటగిరీ, ఫలానా ఏడాది పతకం" అని రాస్తే చాలు, ఆ ఆట తెలిసిన ఎవరికైనా ఆ పిల్ల ఎవరో తెలిసిపోతుంది. రాత్రి పదకొండింటికి పేజీ వదిలే హడావిడిలో ఇది ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. క్లాసులో ముందే విని ఉండాలి.

హైదరాబాద్ క్రికెట్ అసోసియేషన్ వ్యవహారమే చూడండి. 2023లో సుప్రీంకోర్టు అక్కడి కమిటీని రద్దు చేసి జస్టిస్ ఎల్. నాగేశ్వరరావుకి బాధ్యతలు అప్పగించింది. కోర్టు ఉత్తర్వు చదవడం రానివాడు ఆ వార్త ఎలా రాస్తాడు? 2025లో జాతీయ క్రీడా పాలన చట్టం వచ్చింది, ఇకమీదట ఫెడరేషన్ల గొడవలు రాయాలంటే అది చదివి ఉండాల్సిందే. బ్యాలెన్స్ షీట్ చదవడం, సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టడం, ఒకడు చెప్పింది ఇంకో ఇద్దరిని అడిగి సరిచూసుకోవడం, ఇవన్నీ అలవాటు చేసుకోవడానికి రెండేళ్ళ టైమ్ దొరుకుతుంది. ఉద్యోగంలో చేరాక ఆ టైమ్ ఎవరూ ఇవ్వరు.

సరిచూసుకోవడం అన్నానుగా, నా అనుభవం ఒకటి చెప్తా. చేరిన కొత్తలో ఒక జిల్లా కబడ్డీ టోర్నీ ఫలితాలు ఫోన్లో రాసుకున్నాను. బెస్ట్ రైడర్‌గా వచ్చిన అమ్మాయి పేరు ఒక అక్షరం తప్పు విన్నాను, మళ్ళీ అడగలేదు. మర్నాడు వాళ్ళ నాన్న ఫోన్ చేశాడు. కోపంగా ఏం మాట్లాడలేదు. "పేపర్ కటింగ్ ఫ్రేమ్ కట్టిద్దామనుకున్నాం సార్, పేరు వేరే వాళ్ళది పడింది" అన్నాడు. సవరణ వేశాం. కానీ ఆ రెండు లైన్ల సవరణని ఎవరు ఫ్రేమ్ కట్టించుకుంటారు? అప్పటినుంచి పేరు అక్షరం అక్షరం పలికించుకోకుండా ఫోన్ పెట్టను.

అపోహ: రోజూ స్టేడియంలో కూర్చుని మ్యాచ్‌లు చూడొచ్చు, ఆటగాళ్ళతో తిరగొచ్చు.

వాస్తవం: తెలుగు పత్రికల్లో స్పోర్ట్స్ జర్నలిస్టుల పని చాలావరకు డెస్క్ మీదే. టీవీ ఎదురుగా, వార్తాసంస్థలు పంపే ఏజెన్సీ కాపీ పక్కన, గోడ గడియారం నెత్తిమీద. 2024 జూన్ 29 రాత్రి, బార్బడోస్‌లో టీ20 ప్రపంచకప్ ఫైనల్. అక్షర్ ఓవర్లో క్లాసెన్ బాదుడుకి 24 పరుగులొచ్చాయి, దక్షిణాఫ్రికాకి 30 బంతుల్లో 30 పరుగులు కావాలి, చేతిలో ఆరు వికెట్లు. జిల్లా ఎడిషన్ల టైమ్ దగ్గరపడుతోంది. నేను రెండు ఇంట్రోలు (వార్త మొదటి పేరాలు) తెరిచి పెట్టుకున్నాను. ఓటమి ఇంట్రో పూర్తయిపోయింది, గెలుపుది సగంలో ఉంది. 17వ ఓవర్ మొదటి బంతికి హార్దిక్ పాండ్యా క్లాసెన్‌ని ఔట్ చేశాడు. పక్కన పేజీ పెడుతున్న కుర్రాడు ఎగిరి గంతేశాడు కానీ నా చేతులు కీబోర్డ్ మీదనుంచి కదలడానికి లేదు. చివరి ఓవర్ మొదటి బంతికి బౌండరీ దగ్గర సూర్యకుమార్ పట్టిన మిల్లర్ క్యాచ్ నేను సరిగ్గా చూడలేదు, అప్పుడు కోహ్లి 76 పరుగుల పేరా దిద్దుతున్నాను. మనవాళ్ళు 7 పరుగులతో గెలిచారు, పేజీ టైమ్‌కే వెళ్ళింది, ఆ క్యాచ్‌ని మాత్రం తెల్లవారుజామున ఇంటికెళ్ళి మొదటిసారి పూర్తిగా చూశాను. ఆ రాత్రిని ఇంకే ఉద్యోగానికీ ఇవ్వను. కానీ మ్యాచ్ ఎంజాయ్ చెయ్యడం కోసం ఇందులోకి రావాలనుకుంటే టికెట్ కొనుక్కోవడం మేలు.

కాబట్టి కాలేజీలో ఉండగానే ఈ ప్రాక్టీస్ చెయ్యండి. ఐపీఎల్ మ్యాచ్ చివరి బంతి పడిన పది నిమిషాల్లో 250 పదాల రిపోర్ట్ రాసి ఫ్రెండ్‌కి పంపించండి. నెలరోజులు చేస్తే మీకే తేడా తెలుస్తుంది.

అపోహ: తెలుగు మీడియం వాళ్ళకి కష్టం. లేదా, తెలుగు పత్రికకి ఇంగ్లిష్ ఎందుకు?

వాస్తవం: రెండూ తప్పే. ఏజెన్సీ వార్త ఇంగ్లిష్‌లో వస్తుంది, పాఠకుడు తెలుగులో చదువుతాడు, మధ్యలో ఉండేది మీరే. "స్ట్రెయిట్ గేమ్స్" అని వస్తే కొత్తవాళ్ళు "నేరుగా గేముల్లో" అని రాస్తారు, ఒక్క గేమూ కోల్పోకుండా గెలవడం అని దాని అర్థం, మన పేజీల్లో "వరుస గేముల్లో" అంటాం. "అన్‌ఫోర్స్‌డ్ ఎర్రర్స్" అంటే "అనవసర తప్పిదాలు". "హెడ్ టు హెడ్" అంటే "ముఖాముఖి రికార్డు". ఇవి నిఘంటువులో వెతికితే దొరకవు. రోజూ రెండు తెలుగు పేపర్ల స్పోర్ట్స్ పేజీలు చదువుతుంటే వాటంతట అవే నోటికొస్తాయి. ఇంటర్ వరకు తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలు ఈ విషయంలో తొందరగా అందుకోవడం నేను చాలాసార్లు చూశాను.

అపోహ: స్కోర్ యాప్‌లూ, ఏఐ వచ్చాక ఇక రాసేవాళ్ళతో పనేముంది?

వాస్తవం: అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ 2016లోనే అమెరికా మైనర్ లీగ్ బేస్‌బాల్ మ్యాచ్ రిపోర్టులని సాఫ్ట్‌వేర్‌తో రాయించడం మొదలుపెట్టింది. స్కోర్ చెప్పే పని పోతుంది, అది దాచడానికి లేదు. కానీ 2017 గ్లాస్గో ప్రపంచ బ్యాడ్మింటన్ చాంపియన్‌షిప్ ఫైనల్‌లో సింధు, జపాన్ అమ్మాయి ఒకుహర మ్యాచ్ తీసుకోండి. యాప్‌లో 19-21, 22-20, 20-22 అని ఉంటుంది. రెండో గేమ్ చివరి పాయింట్‌కి 73 షాట్ల ర్యాలీ నడిచిందని, 110 నిమిషాలు ఆడిన ఆ ఇద్దరూ ఆఖరికి నిలబడలేని స్థితికి వచ్చారని ఆ అంకెలు చెప్పవు. అది కళ్ళతో చూసి రాసేవాళ్ళు కావాలి.

అపోహ: ఇది అమ్మాయిలకి కుదరని ఫీల్డ్.

వాస్తవం: నైట్ షిఫ్ట్ ఉంటుంది, ఇంటికి క్యాబ్ ఏర్పాటు ఉందో లేదో చేరేముందే అడగండి, అది మీ హక్కు. మిగతాది నాకు అర్థం కాదు. 2025 నవంబర్ 2న నవీ ముంబయిలో మహిళల క్రికెట్ ప్రపంచకప్ గెలిచిన మన జట్టులో కడప అమ్మాయి శ్రీచరణి ఉంది. ఆ ఆట రాయడానికి మాత్రం అమ్మాయిలు పనికిరారా?

అపోహ: ఇందులో డబ్బుల్లేవు.

వాస్తవం: ఇది మాత్రం సగం నిజం. మొదట్లో జీతం తక్కువ. మండలాల్లో వార్తలు పంపే కంట్రిబ్యూటర్లకైతే ఇప్పటికీ లైన్ అకౌంటే, ఎన్ని లైన్లు పడితే అన్ని డబ్బులు. అయితే నేను చేరినప్పుడు పేపర్ తప్ప వేరే దారి లేదు, ఇప్పుడు తెలుగులో ప్రత్యేక స్పోర్ట్స్ చానల్ ఉంది, తెలుగు కామెంటరీ వెనక రీసెర్చ్ చేసేవాళ్ళు, వీడియోలకి స్క్రిప్ట్ రాసేవాళ్ళు, కబడ్డీ, బ్యాడ్మింటన్ టోర్నీలకి మీడియా పని చూసేవాళ్ళు కావాలి. అందుకే ఫోన్ చేసిన నాన్నలకి నేను సూటిగా చెప్పేది ఇదే: చదువు అయ్యాక రెండు మూడేళ్ళు హైదరాబాద్‌లో గది అద్దె ఇంటినుంచి సాయం చేయగలిగితే ధైర్యంగా పంపించండి. చేయలేని పరిస్థితి ఉంటే చదువుతుండగానే అనువాదం పని మొదలుపెట్టమనండి, డెస్క్‌లో సీటు దొరికేదాకా ఆ పనితో ఖర్చులు గడుస్తాయి.