చెరిపేసిన టోకెన్ చచ్చిపోదు: కమ్యూనిటీ బాట్ పనిలో అపోహలు, వాస్తవాలు

"అన్నా, బాట్ టోకెన్ పొరపాటున పుష్ అయిపోయింది. వెంటనే తీసేసి ఇంకో కమిట్ పెట్టా. ఏం కాదు కదా?"

డిస్కార్డ్, టెలిగ్రామ్ గ్రూపుల్లో తనంతట తాను పనులు చేసే ప్రోగ్రామే బాట్. అది లాగిన్ కావడానికి వాడే రహస్య తాళంచెవి టోకెన్. ఇలాంటి కమ్యూనిటీ బాట్ ప్రాజెక్టుల్లో మెయింటెయినర్‌గా (ప్రాజెక్టు బాధ్యత చూసేవాళ్లుగా) ఉన్నవాళ్లెవరికైనా ఈ మెసేజ్ అలవాటే. మిగతా అపోహల వల్ల పోయేది కాస్త సమయం. దీనివల్ల మాత్రం సర్వర్లకు సర్వర్లే (డిస్కార్డ్‌లో గ్రూపులను అలా అంటారు) గల్లంతవుతాయి. అందుకే ముందు దీని సంగతి చూద్దాం.

అపోహ: ఫైల్లోంచి టోకెన్ తీసేసి మళ్లీ కమిట్ చేస్తే సరిపోతుంది.

సరిపోదు. కోడ్ పాత రూపాలన్నీ భద్రంగా ఉంచడమే గిట్ పని. అలా దాచిన ఒక్కో రూపం ఒక కమిట్, దాన్ని ఆన్‌లైన్ కాపీలోకి పంపడం పుష్. తీసేశానని మీరు పెట్టిన ఆ రెండో కమిట్‌నే తెరిచి చూడండి. ఎర్ర రంగు వరసలో టోకెన్ పొల్లుపోకుండా కనిపిస్తుంది. హిస్టరీ తిరగరాసి ఫోర్స్ పుష్ చేసినా (ఆన్‌లైన్ కాపీని బలవంతంగా మార్చినా), అప్పటికే ఎవరైనా క్లోన్ చేసుకున్న కాపీలోనో, తమ ఖాతాలోకి తీసుకున్న నకలు అయిన ఫోర్క్‌లోనో అది ఉండిపోతుంది. పబ్లిక్ రిపోజిటరీల్లోకి (అందరికీ కనిపించే కోడ్ నిల్వల్లోకి) వచ్చే పుష్‌లను జల్లెడ పట్టే ప్రోగ్రాములు రాత్రీ పగలూ నడుస్తూనే ఉంటాయి. మీరు చూసి తీసేలోపే అవి చూసి ఉంటాయనుకోవడమే క్షేమం.

టోకెన్ ఎవరి చేతిలో ఉంటే బాట్ వాళ్లదే. దానికి యూజర్‌నేమ్ అక్కర్లేదు, ఓటీపీ రాదు. బాట్‌కు ఏ ఏ పర్మిషన్లు ఇచ్చారో అవన్నీ వాళ్ల చేతికి వెళ్తాయి.

కాబట్టి మొట్టమొదట చేయాల్సింది టోకెన్‌ను రద్దు చేయడం. డిస్కార్డ్ అయితే డెవలపర్ పోర్టల్‌లో బాట్ పేజీకి వెళ్లి రీసెట్ టోకెన్ నొక్కాలి. టెలిగ్రామ్ అయితే బాట్‌ఫాదర్ అనే అధికారిక బాట్‌కు రివోక్ కమాండ్ పంపాలి. పాత టోకెన్ అక్కడికక్కడే పనికిరాకుండా పోతుంది. కొత్తదాన్ని బాట్ నడిచే మెషీన్‌లో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా (కోడ్‌లో కాకుండా మెషీన్ సెట్టింగ్‌లో) పెట్టి బాట్‌ను రీస్టార్ట్ చేయండి. హిస్టరీ శుభ్రం చేసే పని ఆ తర్వాత నింపాదిగా చూసుకోవచ్చు.

"కోడ్ ఉంచే సైటు గిట్‌హబ్ పట్టుకుని డిస్కార్డ్‌కు చెప్పేస్తుందట కదా" అనే మాటా తిరుగుతోంది. పబ్లిక్ రిపోజిటరీలో దొరికిన టోకెన్ విషయంలో అది నిజమే, డిస్కార్డ్ దాన్ని రద్దు చేస్తుంది. కానీ స్క్రీన్‌షాట్‌లోనో, చాట్‌లో అతికించిన లాగ్‌లోనో బయటపడితే ఆ కాపలా ఉండదు. ఇవాళ ప్రైవేటుగా ఉన్న రిపోజిటరీని రేపు పబ్లిక్ చేసినప్పుడు అందులోని పాత కమిట్లన్నీ దానితోపాటే బయటికొస్తాయి. గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితా అయిన గిట్‌ఇగ్నోర్ సంగతీ అంతే. ఒకసారి ట్రాక్ అయిన (గిట్ నమోదు చేసుకున్న) ఫైలు పేరును అందులో ఎన్నిసార్లు రాసినా గిట్ పట్టించుకోదు. ముందు ఆ ఫైలును ట్రాకింగ్‌లోంచి తీయాలి.

నేను అప్పుడప్పుడూ సాయం చేసే ఒక ప్రాజెక్టులో జరిగింది చెబుతాను. కొత్తగా చేరిన ఒక అబ్బాయి రిమైండర్ కమాండ్ చాలా చక్కగా రాశాడు. టెస్ట్ చేసుకోమని ఎవరో అతనికి అసలు బాట్ టోకెనే ఇచ్చేశారు. అది కోడ్‌తోపాటు తన ఫోర్క్‌లోకి పుష్ అయింది. చూసుకుని తీసేశాడు. తిడతారేమోనని ఎవరికీ చెప్పలేదు. ఆ రాత్రి బాట్ పేరుతో ప్రతి చానెల్‌లోనూ దొంగ గిఫ్ట్ లింకులు పడ్డాయి. తెల్లారి మేం రీసెట్ చేసేసరికి అతను గ్రూపు వదిలి వెళ్లిపోయాడు. చెప్పి ఉంటే రెండు నిమిషాల పని. మంచి చేయి ఒకటి పోయిందన్న బాధ నాకింకా ఉంది. మీకూ ఇలాగే జరిగి గుండె దడదడలాడుతుంటే, ఆ క్షణంలోనే మెయింటెయినర్‌కు ప్రైవేటుగా చెప్పండి. వెంటనే చెప్పినవాళ్లను తిట్టే ప్రాజెక్టులో మీరు ఉండాల్సిన పని లేదు.

అసలు ఆ టోకెన్ అతనికి అవసరమే లేదు. పని చేయాలంటే ప్రాజెక్టు టోకెన్ ఉండాలనుకోవడం రెండో పెద్ద అపోహ. పోర్టల్‌లో మీ పేరు మీద ఒక టెస్ట్ బాట్ తయారు చేసుకోండి, మీరొక్కరే ఉండే సర్వర్‌లోకి దాన్ని తెచ్చుకోండి. దీనికి డబ్బు కట్టక్కర్లేదు. ఒకే టోకెన్‌తో ఇద్దరు బాట్ నడిపితే డిస్కార్డ్‌లో ఒక్కో కమాండ్‌కు రెండేసి జవాబులు వస్తాయి. టెలిగ్రామ్‌లో పోలింగ్ చేస్తుంటే (కొత్త మెసేజ్‌లు ఉన్నాయా అని బాట్ పదేపదే అడుగుతుంటే) 409 కాన్‌ఫ్లిక్ట్ ఎర్రర్ వస్తుంది. కోడ్‌లో బగ్ ఉందనుకుని జనం గంటలు గంటలు వెతుకుతారు.

మిగతావి గబగబా.

అడ్మినిస్ట్రేటర్ పర్మిషన్ ఇవ్వకపోతే బాట్ పనిచేయదంటారు. చేస్తుంది. దానికి కావలసిన పర్మిషన్లే టిక్ పెట్టండి. అన్నీ ఇచ్చేసి ఉంటే, పైన చెప్పిన లీక్ జరిగిన రోజున చానెళ్లు కూడా మిగలవు.

బాట్ గ్రూపులో అందరి మాటలూ చదివేస్తుందన్న భయం సభ్యుల్లో ఉంటుంది. భయపడటంలో తప్పు లేదు, అడిగితే ఓపిగ్గా చెప్పండి. టెలిగ్రామ్‌లో ప్రైవసీ మోడ్ మొదటినుంచీ ఆన్‌లోనే ఉంటుంది, అప్పుడు తనకు పంపిన కమాండ్ల లాంటివే బాట్‌కు అందుతాయి. బాట్‌ను అడ్మిన్ చేస్తే మాత్రం అన్ని మెసేజ్‌లూ దానికి అందుతాయి. డిస్కార్డ్‌లో 2022 నుంచి మెసేజ్ కంటెంట్‌కు విడిగా ఇంటెంట్ (బాట్‌కు ఏ సమాచారం కావాలో చెప్పే సెట్టింగ్) ఆన్ చేయాలి. "బాట్‌కు ఖాళీ మెసేజ్‌లు వస్తున్నాయి" అన్న ఫిర్యాదు వింటే నేను మొదట చూసేది అదే. పోర్టల్‌లోనూ కోడ్‌లోనూ రెండుచోట్లా ఆన్ అయి ఉండాలి.

డిస్కార్డ్ బాట్లు రాయడానికి వాడే పైథాన్ లైబ్రరీ డిస్కార్డ్ డాట్ పై ఆగిపోయిందట, వాడొద్దట! ఈ పుకారు ఇంకా వినాల్సి రావడం విసుగు తెప్పిస్తోంది. 2021 ఆగస్టులో ఆపేస్తున్నామన్నారు, 2022 మార్చిలో మళ్లీ మొదలుపెట్టారు. నిర్ణయం తీసుకునే ముందు రిపోజిటరీలో చివరి రిలీజ్ తేదీ చూడండి, చాలు.

ప్రాజెక్టుకు సాయం చేయడానికి కోడింగ్ బాగా వస్తేనే రావాలా? అక్కర్లేదు. సెటప్ గైడ్‌ను మొదటి వరస నుంచి పాటిస్తూ, ఎక్కడ ఆగిపోయారో అక్కడ ఆ వరసను సరిచేసి పంపండి. ఆ పని మీలాంటి కొత్తవాళ్లు చేసినంత బాగా మాకు రాదు, ఎందుకంటే మా మెషీన్లలో అన్నీ ఎప్పుడో ఇన్‌స్టాల్ అయిపోయి ఉంటాయి. పెద్ద ఫీచర్ రాయాలనుంటే మాత్రం ముందు ఇష్యూలో (ప్రాజెక్టు పేజీలో చర్చ పెట్టే చోట) ఒక మాట అడిగి మొదలుపెట్టండి.