సెప్టెంబర్‌లో రచ్చ, అక్టోబర్‌లో ఇంట

2024 సెప్టెంబర్ 7, శనివారం. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో సౌత్ బెండ్ అనే ఊళ్లో, దేశంలో 5వ ర్యాంకులో ఉన్న నోటర్ డామ్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు, ఎవరూ పెద్దగా లెక్కలోకి తీసుకోని నార్తర్న్ ఇల్లినాయ్ చేతిలో సొంత మైదానంలోనే 16-14తో ఓడిపోయింది. చివరి నిమిషంలో కొట్టిన ఒక ఫీల్డ్ గోల్ (బంతిని స్తంభాల మధ్యకు తన్ని సాధించే 3 పాయింట్లు) కొంప ముంచింది. అంతకు సరిగ్గా వారం ముందే ఇదే జట్టు టెక్సస్ ఏ అండ్ ఎం ఊరికి వెళ్లి మరీ 23-13తో గెలిచి వచ్చింది. ఇప్పుడు చెప్పండి, నోటర్ డామ్ మంచి జట్టా కాదా?

ఆ రోజు రాత్రి ఆ ప్రశ్నకు జవాబు ఎవరి దగ్గరా లేదు, కానీ అభిప్రాయం మాత్రం అందరి దగ్గరా ఉంది. తర్వాత జరిగింది చూడండి. నోటర్ డామ్ వరసగా 13 గేములు గెలిచి జాతీయ ఫైనల్ దాకా వెళ్లి, 2025 జనవరిలో ఒహాయో స్టేట్ చేతిలో 34-23తో ఓడింది. నార్తర్న్ ఇల్లినాయ్ తన తర్వాతి గేమ్‌లోనే బఫలో చేతిలో ఓడిపోయి, సీజన్‌ను 8-5తో, అంటే 8 గెలుపులు, 5 ఓటములతో ముగించింది.

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ తెలియనివాళ్లకు రెండు ముక్కలు. టెక్సస్ ఏ అండ్ ఎం, ఒహాయో స్టేట్, అరిజోనా స్టేట్ లాంటి పేర్లు మన ఇళ్లలో ఎక్కువగా ఎమ్మెస్ అడ్మిషన్ల దగ్గరే వినిపిస్తాయి కానీ, అక్కడ ఆగస్టు చివరి నుంచి నవంబర్ దాకా శనివారం వచ్చిందంటే ఆ పేర్లకు అర్థం ఫుట్‌బాలే. పై స్థాయిలో 2025 నాటికి 136 జట్లు ఉన్నాయి, రెగ్యులర్ సీజన్‌లో ఒక్కో జట్టు ఆడేది 12 గేములు. చిక్కంతా ఇక్కడే. ప్రతి జట్టూ మిగతా అన్ని జట్లతో ఒక్కసారి ఆడాలంటే 9,180 గేములు కావాలి, జరిగేవి 800 చిల్లర, అందులోనూ మూడు వారాలు గడిచేసరికి ఓ 200. మన ఐపీఎల్‌లో 10 జట్లే కాబట్టి, 14 మ్యాచ్‌లలో అందరూ అందరితో కనీసం ఒక్కసారైనా తలపడతారు, పాయింట్ల పట్టికను చాలావరకు నమ్మొచ్చు. ఇక్కడ సెప్టెంబర్ మూడో వారంలో పట్టిక తెరిస్తే 3-0 జట్లు డజన్ల కొద్దీ కనపడతాయి. అందుకే అభిమానులు అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఇదే: సరే, గెలిచారు, ఎవరి మీద?

ఆ ప్రశ్నలో చాలా గణితం ఉంది. చాలామంది దాన్ని వాదనలో ఎదుటివాడి నోరు మూయించడానికి వాడతారు గానీ, నా దృష్టిలో అది మొత్తం ఆటలోకెల్లా మంచి ప్రశ్న.

ముందు ఒక్క గేమ్ సంగతి చూద్దాం. హాల్ స్టెర్న్ అనే గణాంక శాస్త్రవేత్త 1991లో ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ గేముల్ని తీసుకుని, గేముకు ముందు వేసిన అంచనా తేడాకూ చివరికి వచ్చిన తేడాకూ మధ్య ఎంత చెదురు ఉందో లెక్కగట్టారు. ప్రామాణిక విచలనం, అంటే ఫలితం అంచనాకు మామూలుగా ఎంత అటూ ఇటూ అవుతుందో చెప్పే కొలత, 14 పాయింట్లకు కాస్త తక్కువగా తేలింది. అంటే రెండు టచ్‌డౌన్లంత (బంతిని అవతలి గీత దాటిస్తే టచ్‌డౌన్, తర్వాతి కిక్‌తో కలిపి మామూలుగా 7 పాయింట్లు). ఈ ఒక్క అంకె పట్టుకుంటే చాలా విషయాలు తెలుస్తాయి. ఒక జట్టు ప్రత్యర్థి కన్నా నిజంగానే 7 పాయింట్లు మెరుగైనది అనుకుందాం. అయినా అది గెలిచే అవకాశం దాదాపు 69 శాతమే, పదింట మూడుసార్లు ఓడిపోతుంది. అలాంటి గేములు వరసగా మూడు ఆడితే మూడూ గెలిచే అవకాశం మూడింట ఒక వంతుకు మించదు. కాలేజీ పిల్లల ఆటలో నిలకడ ఇంకా తక్కువ. కోలగా ఉండే ఆ బంతి చేజారి నేల మీద పడ్డాక ఎవరికి చిక్కుతుందనేది దాదాపు బొమ్మా బొరుసే, అలాంటివి రెండు ఒకే జట్టు వైపు పడితే చాలు, ఆ రోజు కథే మారిపోతుంది. గాలివాటం గెలుపు, గాలివాటం ఓటమి అని మనం ఊరికే అనలేదు. మూడు గేముల్లో గాలి వాటా చాలా ఎక్కువ.

మరి మూడు గేములు చూసి ఎంత నమ్మాలి? దీనికి 18వ శతాబ్దంలోనే ఫ్రెంచ్ గణితవేత్త లాప్లాస్ ఒక చక్కని సూత్రం ఇచ్చాడు. గెలుపులకు 1 కలపండి, గేములకు 2 కలపండి, మొదటిదాన్ని రెండోదాంతో భాగించండి. ఒక్క గేమ్ కూడా ఆడని జట్టుకు సగం వస్తుంది, అంటే మనకేమీ తెలియదని అర్థం. 1-0 జట్టుకు మూడింట రెండు వంతులు. 3-0కి 0.8. పన్నెండుకు పన్నెండూ గెలిచిన జట్టుకు 0.93. మామూలు గెలుపు శాతం చూస్తే ఈ మూడు జట్లకూ నూటికి నూరే వస్తుంది, ఎంత ఆధారం మీద నూరు ఇచ్చామో అది చెప్పదు. లాప్లాస్ సూత్రం చెబుతుంది. వెస్లీ కాలీ అనే ఖగోళ భౌతిక శాస్త్రవేత్త సరిగ్గా దీని మీదే తన ర్యాంకింగ్ పద్ధతిని కట్టారు. ఛాంపియన్‌షిప్ గేమ్‌కు జట్లను ఎంచడానికి 2013 దాకా నడిచిన పాత బీసీఎస్ విధానంలో ఆరు కంప్యూటర్ ర్యాంకింగ్‌లు ఉండేవి, కాలీది వాటిలో ఒకటి.

కాలీ ఈ సూత్రానికి ప్రత్యర్థి బలాన్ని చేర్చారు. గెలుపుల్లోంచి ఓటములు తీసేసి దాన్ని సగం చేయాలి, దానికి 1, ఆడిన ప్రత్యర్థుల రేటింగ్‌ల మొత్తం కలపాలి, వచ్చినదాన్ని గేముల సంఖ్యకు 2 కలిపి దాంతో భాగించాలి. చేసి చూద్దాం. మూడు బలహీన జట్ల మీద, ఒక్కోదాని రేటింగ్ 0.3 అనుకుందాం, ఒకరు 3-0 అయ్యారు: 1.5కి 1 కలిపి, 0.9 కలిపితే 3.4, దాన్ని 5తో భాగిస్తే 0.68. ఇంకొకరు 0.8 రేటింగ్ ఉన్న మూడు గట్టి జట్లతో ఆడి 2-1 అయ్యారు: 0.5, 1, 2.4 కలిపితే 3.9, ఐదుతో భాగిస్తే 0.78. ఓడిన జట్టే పైన ఉంది. ఒక ఓటమి ఉన్న జట్టును ఓటమెరుగని జట్టు కన్నా పైన పెడితే అన్యాయం అని అరిచే అభిమానికి ఈ రెండు కూడికలు చూపిస్తే చాలు.

కానీ ఆ 0.3, 0.8 ఎక్కడి నుంచి వచ్చాయి? ఆ ప్రత్యర్థుల రేటింగ్ వాళ్ల ప్రత్యర్థుల మీద ఆధారపడుతుంది, వాళ్లది ఇంకొకరి మీద. చెట్టు ముందా విత్తు ముందా అన్నట్టు. గణితం దీన్ని సులువుగానే విప్పుతుంది, 136 తెలియని సంఖ్యలకు 136 సమీకరణాలు రాసి అన్నింటినీ ఒకేసారి సాధిస్తే ఎవరూ ముందు కాదు, ఎవరూ వెనక కాదు. అసలు ఇబ్బంది వేరే ఉంది: సెప్టెంబర్‌లో ఆ సమీకరణాల్లో వేయడానికి సమాచారమే లేదు. అప్పుడు షెడ్యూల్ బలం అని మనం దేన్ని పిలుస్తున్నామో అది చాలావరకు ఆగస్టులో వేసుకున్న ఊహే.

2024లోనే దీనికి గొప్ప ఉదాహరణ ఉంది. ఆగస్టు 24న డబ్లిన్‌లో జార్జియా టెక్ జట్టు 10వ ర్యాంకు ఫ్లోరిడా స్టేట్‌ను 24-21తో ఓడించింది. అందరూ జార్జియా టెక్‌ను ఆకాశానికెత్తారు. పదో ర్యాంకును మట్టికరిపించారు కదా మరి! ఆ ఫ్లోరిడా స్టేట్ సీజన్ ముగిసేసరికి 2-10. డబ్లిన్‌లో గెలిచిన గెలుపు అదే, స్కోరు అదే, కానీ డిసెంబర్‌కి దాని విలువ కరిగిపోయింది. 2014లో దీనికి అద్దం తిప్పినట్టు జరిగింది. సెప్టెంబర్ 6న ఒహాయో స్టేట్ సొంతగడ్డ మీద వర్జీనియా టెక్ చేతిలో 35-21తో ఓడింది, మరుసటి వారమే వర్జీనియా టెక్ ఈస్ట్ కెరొలైనా చేతిలో ఓడింది. తాడి తన్నేవాడి తల తన్నేవాడు ఉంటాడన్న సామెతనే నమ్ముకుంటే ఆ ఏడాది ఈస్ట్ కెరొలైనా అందరికన్నా గొప్ప జట్టు కావాలి. జాతీయ టైటిల్ మాత్రం ఒహాయో స్టేట్‌దే.

అందుకే విశ్లేషకుడు బిల్ కానెలీ తయారుచేసిన ఎస్‌పీ ప్లస్ లాంటి రేటింగ్‌లు పాత ఆటగాళ్లలో ఎంతమంది తిరిగొచ్చారు, కొత్తగా ఎలాంటి కుర్రాళ్లు చేరారు, గత కొన్నేళ్లు ఎలా ఆడారు అన్న వాటితో మొదలై, గేములు జరిగే కొద్దీ ఆ ముందస్తు అంచనా బరువును తగ్గించుకుంటూ పోతాయి. ఇది పక్షపాతం అని చాలామంది తిడతారు. నేను ఒప్పుకోను. మూడు గేముల మీద మాత్రమే ఆధారపడి చెప్పే మాట కన్నా, మూడు గేములూ మూడేళ్ల చరిత్రా కలిపి చెప్పే మాటే నిజానికి దగ్గరగా ఉంటుంది. తప్పెక్కడ వస్తుందంటే, వారం వారం ర్యాంకుల కోసం విలేకరులు, కోచ్‌లు లాంటి మనుషులు వేసే ఓట్లలో. అక్కడ ఆగస్టు అభిప్రాయం అక్టోబర్‌లో ఎంత తగ్గాలో ఏ సూత్రమూ చెప్పదు, ఒకసారి పైన పెట్టిన జట్టును దించడానికి చెయ్యి రాదు. సీజన్ చివర జాతీయ టైటిల్ పోరుకు జట్లను ఎంచే ప్లేఆఫ్ కమిటీ తన మొదటి ర్యాంకింగ్‌ను దాదాపు నవంబర్ దాకా ఆపడం నాకు అందుకే నచ్చుతుంది.

ప్రత్యర్థుల సగటు బలం చూడటంలోనూ ఒక మోసం ఉంది. ఒక పెద్ద జట్టుకు పన్నెండు గేముల్లో పది ఖాయంగా గెలిచేవి, రెండు మాత్రం యాభై యాభై అనుకోండి. ఇంకో జట్టుకు పన్నెండూ తొంభై శాతం గెలుపు అవకాశం ఉన్నవే. మొదటి జట్టు అజేయంగా నిలిచే అవకాశం 25 శాతం, రెండోదానికి 28 శాతం. దాదాపు సమానం! కానీ మొదటి జట్టు షెడ్యూల్‌లో పసికూనలు ఎక్కువ ఉన్నాయి కాబట్టి సగటు తీస్తే చాలా తేలిగ్గా కనిపించొచ్చు. పెద్ద జట్టుకు చివరి ర్యాంకు ప్రత్యర్థి అయినా, అంతకన్నా నలభై ర్యాంకులు పైనున్న ప్రత్యర్థి అయినా పెద్ద తేడా ఉండదు, సగటు మాత్రం ఆ తేడాకి ఊగిపోతుంది. ఈ షెడ్యూల్‌నే ఒక మామూలు టాప్-25 జట్టుకిస్తే ఇన్ని గెలుపులు ఎన్నిసార్లు వస్తాయి అని అడగడం సరైన పద్ధతి, ఈమధ్య వాడే రికార్డ్ బలం లెక్కలు అడిగేది ఇదే. పసికూనలన్నానని తక్కువ చేయడం లేదు. 2007 సెప్టెంబర్ 1న మిషిగన్ 4 లక్షల డాలర్లు ఇచ్చి పిలిపించుకున్న కింది డివిజన్ జట్టు అపలాచియన్ స్టేట్ 34-32తో గెలిచి, 5వ ర్యాంకు మిషిగన్‌ను లక్ష మంది ముందు ఖంగు తినిపించింది.

ఇక నేను అసలు చెప్పాలనుకున్న మాట. ఈ 136 జట్లు దాదాపు అన్నీ కాన్ఫరెన్స్‌లు అనే కూటములుగా ఉంటాయి, ఎస్‌ఈసీ, బిగ్ టెన్, బిగ్ 12, ఏసీసీ, ఇంకా చిన్నవి. అక్టోబర్ వచ్చిందంటే చాలావరకు ఎవరి కూటమిలో వాళ్లు ఆడుకుంటారు. కూటమి లోపల జరిగే ప్రతి గేమ్‌లో ఒకరు గెలుస్తారు, ఒకరు ఓడతారు, కాబట్టి అక్కడ ఎంత భీకరంగా కొట్టుకున్నా కూటమి మొత్తం లెక్క ఎప్పుడూ సగానికి సగమే. ఎస్‌ఈసీ బలమా బిగ్ టెన్ బలమా అన్నదానికి ఆ గేముల్లో సాక్ష్యం లేదు, ఉండటానికి వీల్లేదు. కూటముల్ని కలిపే వంతెనలు చాలావరకు సెప్టెంబర్ గేములే. మనవాళ్లు ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, ఇక్కడ వరస తిరగబడింది, రచ్చ ముందు, ఇంట తర్వాత. ఏ గేముల్లో గాలివాటం ఎక్కువో, ఏ గేముల నాటికి ఎవరెవరో సరిగ్గా తెలియదో, సీజన్ చివర పోలికలన్నీ ఆ కాసిన్ని గేముల మీదే నిలబడతాయి.

వంతెన ఒకటి కూలితే ఏమవుతుందో 2017లో చూశాం. ఫ్లోరిడాలోని యూసీఎఫ్ ఆ సెప్టెంబర్‌లో ఏసీసీ జట్టు జార్జియా టెక్‌తో ఆడాల్సిన గేమ్ ఇర్మా తుఫాను వల్ల రద్దయింది. యూసీఎఫ్ ఒక్క గేమ్ కూడా ఓడలేదు, అయినా కమిటీ ఆఖరి ర్యాంకింగ్‌లో 12వ స్థానంలో పెట్టింది, ఎవరి మీద గెలిచారు అన్న ప్రశ్నతోనే. జనవరి 1న అదే యూసీఎఫ్ ఆబర్న్‌ను 34-27తో ఓడించింది. ఆ నవంబర్‌లోనే జార్జియాను, అలబామాను ఇద్దరినీ ఓడించిన జట్టు ఆబర్న్, ఆ ఇద్దరే జాతీయ ఫైనల్ ఆడారు. కాలీ ఆఖరి పట్టికలో మొదటి స్థానం యూసీఎఫ్‌కే వచ్చింది. ఒక్క గేమ్ దెబ్బకు దేశం మొత్తం ఎంత కదులుతుందో చెప్పడానికి ఇంకో సంగతి కూడా ఉంది. 2010లో కాలీ లెక్కలో అపలాచియన్ స్టేట్, వెస్టర్న్ ఇల్లినాయ్ మధ్య జరిగిన కింది డివిజన్ గేమ్ ఫలితం ఒకటి పొరపాటున చేరలేదు. అది సరిదిద్దేసరికి బీసీఎస్ పట్టికలో 10, 11 స్థానాల్లో ఉన్న ఎల్‌ఎస్‌యూ, బాయిసీ స్టేట్ తారుమారయ్యాయి. ఆ రెండు జట్లకూ ఆ గేమ్‌తో ఏ సంబంధమూ లేదు. బయటివాళ్లు ఆ తప్పు పట్టుకోగలిగింది కాలీ తన పద్ధతంతా బహిరంగంగా పెట్టడం వల్లే. అందుకు ఆయన్ని మెచ్చుకోవాలి.

2026 నుంచి ఎస్‌ఈసీ కూడా కూటమి లోపల ఎనిమిదికి బదులు తొమ్మిది గేములు ఆడుతుంది. షెడ్యూల్ కష్టమైందని అందరూ సంబరపడుతున్నారు, నిజమే, కష్టమైంది. కానీ పన్నెండులో తొమ్మిది లోపలే అయిపోతే బయటికి మిగిలేవి మూడు. అందులో ఒకటైనా ఏసీసీ, బిగ్ టెన్, బిగ్ 12 జట్టుతోనో నోటర్ డామ్‌తోనో ఆడాలని నియమం పెట్టడం ఊరట. మిగతా రెండింట్లో ఒక్కటైనా నార్తర్న్ ఇల్లినాయ్ లాంటి చిన్న కూటమి జట్టుకు దక్కాలని నా కోరిక, ఎందుకంటే పెద్ద జట్లు ఆ పిలుపు మానేస్తే చిన్నవాళ్ల అసలు బలం ఎంతో తెలుసుకునే దారే మూసుకుపోతుంది.