చనిపోయేదాకా ఆగాలా?

ఇప్పటి టర్కీలో ఉండే లిడియా రాజ్యానికి రాజైన క్రీసస్ దగ్గర బంగారం గుట్టలుగా ఉండేది. గ్రీకు నగరం ఏథెన్స్ నుంచి వచ్చిన సోలోన్ అనే జ్ఞానికి ఖజానా అంతా చూపించి, నువ్వు చూసినవాళ్లలో అందరికన్నా ధన్యుడెవరని అడిగాడు. తన పేరే చెబుతాడని ఆశ. సోలోన్ మాత్రం టెల్లస్ అనే మామూలు ఏథెన్స్ మనిషి పేరు చెప్పాడు. పిల్లలూ మనవలూ చల్లగా ఉన్నారు, ఊరి కోసం పోరాడి పోయాడు. రాజుకి ఒళ్లు మండింది. బతుకు చివరిదాకా చూడకుండా ఎవర్నీ ధన్యుడనలేమన్నాడు సోలోన్. కొన్నాళ్లకే పర్షియా రాజు సైరస్ చేతిలో క్రీసస్ రాజ్యం పోయింది. ఇది గ్రీకు చరిత్రకారుడు హెరడోటస్ చెప్పిన కథ. కాలం లెక్క చూస్తే వాళ్లిద్దరూ అసలు కలిశారా అన్నదే అనుమానం.

సోలోన్ అన్న ఆ మాటను గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ (క్రీ.పూ. 384–322) వదల్లేదు. గ్రీకులు మంచి బతుకును 'యూడైమోనియా' అనేవారు. 'యూ' అంటే మంచి, 'డైమోన్' అంటే మనిషిని నడిపించే దైవం. దీన్ని 'హ్యాపీనెస్' అనడంతో కొంత గందరగోళం వచ్చింది. బిర్యానీ తిని హ్యాపీగా ఉన్నానంటాం. యూడైమోనియా అలా ఒక పూటలో వచ్చిపోయేది కాదు. అరిస్టాటిల్‌కి అది మనసులో కలిగే భావం కాదు, మనిషి చేసే పని. ఎన్ని సుగుణాలున్నా జీవితమంతా నిద్రపోయినవాణ్ణి ధన్యుడంటామా? ఒలింపిక్స్‌లోనూ కిరీటం బరిలోకి దిగినవాళ్లకే, ఒడ్డున నిలబడ్డ బలశాలికి కాదు.

మరి పని చేయడమే యూడైమోనియా అయితే, సోలోన్ అన్నట్టు చావుదాకా ఆగి, ఏ పనీ చేయలేని శవాన్ని ధన్యుడనడం వింత కదా! అయితే అదృష్టాన్నీ ఆయన కొట్టిపారేయలేదు. ట్రాయ్ రాజు ప్రియామ్ ముసలితనంలో కొడుకుల్నీ రాజ్యాన్నీ పోగొట్టుకున్నాడు. అంత దెబ్బ తిన్నవాణ్ణి ధన్యుడని ఎవరంటారు? మంచివాడు మాత్రం, ఉన్న తోలుతోనే వీలైనంత మంచి చెప్పు కుట్టే పనివాడిలా, దొరికినదాంతోనే నెట్టుకొస్తాడు. సద్గుణం ఒక్కటి చాలని తర్వాత వచ్చిన స్టోయిక్కులనే తత్వవేత్తలు పట్టుబట్టారు. నాకు అరిస్టాటిలే నిజాయితీగా మాట్లాడాడనిపిస్తుంది. కాకపోతే ఆ మంచి బతుకులో బానిసలకు ఆయన చోటివ్వలేదు.

1989లో అమెరికన్ సైకాలజిస్ట్ కరోల్ రిఫ్ ఈ ఆలోచన నుంచే ఆరు అంశాల కొలమానం తయారుచేసింది: జీవితానికో లక్ష్యం, మంచి సంబంధాలు, ఎదుగుదల లాంటివి. ఆ ప్రశ్నలకు జవాబులు ఎవరి గురించి వాళ్లే రాసుకోవాలి. ఖజానా చూపించిన రోజున క్రీసస్ చేతికిచ్చి ఉంటే ఫుల్ మార్కులు వేసుకునేవాడు.